పాడియావు – ఎండుగడ్డి – మాంసకృత్తులు



ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు వ్యాకరణము చెప్పిన నేను నేడు మీతో పశువుల మేతను గూర్చి మాటాడుట కొందఱికి వింతగా తోచవచ్చును. ఇందులకు కారణము నా పాండిత్యము గాదు, నా తెలివితక్కువతనము. దానిని ముందుగా విన్నవించి, పిమ్మట విషయములోనికి వచ్చెదను.

ఉద్యోగము చాలించిన పిదప ఇంట పాడి యుండవలెనని యొక యావును కొంటిని. అది కార్తీకమాసమున ఈనినది. తొలిదినములలో రోజునకు 6 లీటర్ల పాలిచ్చినది. మాఘము గడచునప్పటికి అవి 4 లీటర్లయినవి. ఫాల్గుణమునకు 3 లీటర్లకు దిగినవి. మేత చాలదేమోయని ఇంకొక బండి వరిగడ్డి కొని వామి వేయించితిని. పగలు బీటిలో మేసి వచ్చిన యావునకు సందెవేళ గాడి నిండ గడ్డి వేయుదును. తెల్లవాఱి చూచిన సగము గడ్డి గాడిలోనే యుండును. ఇంటివారు దిష్టి తగిలినదనిరి, నల్లత్రాడు కట్టితిమి. పొరుగువారు జాతి మంచిది కాదు, సంతకు తోలుడనిరి. దానికిని సిద్ధపడితిని. ఇంతలో మఱియొక పనిమీద మా వీధికి వచ్చిన పశువైద్యుడు గాడిలో మిగిలిన గడ్డిని, బిరుసుగా దొంతరలు దొంతరలుగా పడియున్న పేడను చూచి, "పంతులుగారూ! మీ ఆవు కడుపు నిండియున్నది, కాని ఆకలితో నున్నది" అనెను.

రోమంథమను సంస్కృతపదమునకు అర్థము చెప్పి పిల్లలచేత వల్లె వేయించినవాడను. నెమరువేయు జంతువు కడుపులో ఏమి జరుగుచున్నదో మాత్రము ఎఱుగనైతిని. ఆ వైద్యుడు చెప్పినదియు, ఆ పిమ్మట నేను చదివి, అడిగి తెలిసికొన్నదియు మీకు నివేదించుటయే నేటి ప్రసంగము.

మొదట మాంసకృత్తులన నేమి? మాటలోనే యర్థ మున్నది. మాంసమును చేయునది మాంసకృత్తు. పాశ్చాత్యభాషలలో దీనికి ప్రోటీనని పేరు. స్వీడను దేశీయుడగు బెర్జీలియసు సూచింపగా హాలెండు దేశపు ముల్డరు అను రసాయనశాస్త్రజ్ఞుడు 1838లో ఆ పేరును వాడెను. గ్రీకుభాషలో దానికి ప్రథమమైనదని భావము. కండ, నెత్తురు, చర్మము, వెండ్రుక, కొమ్ము, గిట్ట, పాలలోని విఱుగు – ఇవి యన్నియు దీనితోనే యేర్పడినవి. పిండిపదార్థములలోను క్రొవ్వులలోను లేని నత్రజని యను మూలద్రవ్యము మాంసకృత్తులలో నూటికి సుమారు 16 పాళ్ళుండును. కావుననే ప్రయోగశాలలలో మేతయందలి నత్రజనిని కొలిచి, దానిని 6.25 చేత హెచ్చవేసి, ఆ మేతలో ఇన్ని పాళ్ళు మాంసకృత్తులున్నవని నిర్ణయింతురు. ఈ ప్రసంగములో నేను చెప్పబోవు పాళ్ళన్నియు ఆ లెక్క చొప్పున, తేమ తీసివేసిన మేతకు చెప్పునవి.

ఇక ఆవు కడుపు సంగతి. ఆవునకు నాలుగు అఱల పొట్ట గలదు. అందు మొదటిదగు పెద్దపొట్ట ఒక పులియబెట్టు కాగు వంటిది. గడ్డిలోని పీచును అఱిగించు శక్తి ఆవునకు స్వయముగా లేదు. మనకు లేనట్లే దానికిని లేదు. ఆ పని చేయునవి పెద్దపొట్టలో కాపురముండు సూక్ష్మజీవులు. ఆ పొట్టలోని ద్రవము ఒక్క మిల్లీలీటరు తీసి చూచిన అందు వేయికోట్లకు దాపుగ సూక్ష్మజీవులుండును. అవి గడ్డిని పులియజేసి పుట్టించిన ఆమ్లముల వలన ఆవునకు శక్తి కలుగును. అంతియ గాక ఆ సూక్ష్మజీవులే పెరిగి, గడ్డితో పాటు క్రిందికి జాఱి, నాలుగవ అఱలో అఱిగిపోయి, ఆవునకు మాంసకృత్తులగుచున్నవి. రైతు తన పొలములో పంట పండించుకొని తినునట్లు, ఆవు తన పొట్టలో సూక్ష్మజీవులను పండించుకొని తినుచున్నది.

ఈ మాట నిజమా యని సందేహింపనక్కఱలేదు. ఫిన్లాండు దేశమున విర్తనెను అను శాస్త్రజ్ఞుడు – ఈయన 1945లో నోబెలు బహుమానము పొందినవాడు – మాంసకృత్తులు బొత్తిగా లేని మేతతో ఆవులను పోషించెను. వానికి పిండిపదార్థము, చక్కెర, శుద్ధిచేసిన పీచు, వీనితో యూరియాను అమ్మోనియా లవణములను మాత్రమే పెట్టెను. అయినను ఆ యావులు చూలుదాల్చి, ఈని, పాలిచ్చెనని 1966లో ప్రకటించెను. ఆ పాలలోని విఱుగును నిర్మించి యిచ్చినవి పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే.

అయితే పంటకు ఎరువు వలయునట్లు ఈ సూక్ష్మజీవులకును నత్రజని వలయును. అది లేనిచో అవి వృద్ధిపొందవు. వృద్ధిపొందనిచో గడ్డి పులియదు. పులియని గడ్డి పొట్టలోనే దినముల తరబడి నిలిచియుండును. పొట్ట నిండియున్నంతవఱకు ఆవు వేఱు మేతను ముట్టదు. నా గాడిలో గడ్డి మిగులుటకు ఇదియే కారణము. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో మిల్ఫర్డు, మిన్సను అను పరిశోధకులు 1960వ దశాబ్దమున ఉష్ణదేశపు గడ్డిజాతులను పరీక్షించిరి. మేతలో మాంసకృత్తులు నూటికి సుమారు 7 పాళ్ళకు తగ్గినప్పుడు పశువు తినెడి మేతయే తగ్గిపోవుచున్నదని వారు కనుగొనిరి. ఈ 7 పాళ్ళను మీరు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెనని నా మనవి.

ఇప్పుడు మన గడ్డి యెట్టిదో చూతము. న్యూజీలాండు వంటి చల్లని దేశములలో ఆవులు పచ్చికబీళ్ళ మీదనే సమృద్ధిగా పాలిచ్చుచున్నవి. అచ్చటి బీళ్ళలో రైగడ్డియు, క్లోవరను కాయజాతి మొక్కయు కలిసి పెరుగును. లేతవేళ అందు మాంసకృత్తులు నూటికి 20 పాళ్ళకు మించియు నుండును. మన యెండలకు మొలచు గడ్డి స్వభావము వేఱు. తొలకరి పడగానే అది మిక్కిలి వేగముగా పెరుగును; అంత వేగముగానే కాడగట్టి, వెన్నుదీసి, ముదురును. లేత చెంగలిగడ్డిలోను గరికలోను 10 మొదలు 12 పాళ్ళుండవచ్చును. అదే గడ్డి మార్గశిరము దాటి యెండినపిదప 3 మొదలు 5 పాళ్ళకు దిగును. వరిగడ్డి 3 నుండి 4 పాళ్ళు. జొన్నచొప్ప దానికన్న కొంచెము మేలు. అనగా మాఘము మొదలు జ్యేష్ఠము వఱకు మన పశువులు తినునదంతయు ఆ 7 పాళ్ళ గీతకు దిగువనే యున్నది.

లెక్క చూచిన ఈ సంగతి తేటపడును. సుమారు 350 కిలోల బరువుగల యావు రోజునకు 5 లీటర్ల పాలిచ్చుచున్నదనుకొందము. తన దేహమును నిలుపుకొనుటకే దానికి రోజునకు 300 గ్రాముల మాంసకృత్తులు వలయును. లీటరు పాలకు 85 గ్రాముల చొప్పున 5 లీటర్లకు 425 గ్రాములు. వెరసి 725 గ్రాములు. అది తినునది 8 కిలోల ఎండుమేత, 4 పాళ్ళ చొప్పున. దానివలన వచ్చునది 320 గ్రాములు. మిగిలిన 400 గ్రాములు ఎక్కడనుండి రావలెను? కొన్నాళ్ళు ఆవు తన కండను కరిగించి పాలలో పోయును. అది తల్లితనము. పిమ్మట పాలు తగ్గించును, ఎద కట్టివేయును, ఏటికొక యీత యీనవలసిన యావు రెండేండ్లకొక యీతకు దిగును. దూడ బక్కచిక్కును. మనము దానిని గొడ్డుటావని నిందించి సంతకు తోలుదుము.

ఈ 400 గ్రాముల లోటు తీర్చు మార్గములు మన యూళ్ళలోనే యున్నవి. వేరుశనగచెక్కలో నూటికి 40 పాళ్ళకు పైగా మాంసకృత్తులుండును. ఒక్క కిలో చెక్కతో పై లోటు తీరును. తెలకపిండి ఇంచుమించు దానికి సాటి. పొట్టుతో ఆడిన పత్తిచెక్కలో సుమారు 22 పాళ్ళుండును గనుక అది రెండు కిలోలకు దాపుగ పెట్టవలెను, కొబ్బరిచెక్కయు అట్టిదే. తవుడు 12 పాళ్ళు. అది శక్తి నిచ్చును గాని దానితో మాత్రమే లోటు తీరదు. ఉలవలు 20 పాళ్ళకు మించినవి. దున్నెడి యెద్దునకు ఉలవలు ఉడికించి పెట్టిన మన పెద్దలు, పాడిగేదెకు పత్తిగింజలు రుబ్బి పెట్టిన మన తల్లులు, మాంసకృత్తులను పేరు వినకయే వాని ఫలమెఱిగినవారు.

ఇచ్చట ఒక యపోహను తొలగింపవలెను. చెక్క పెట్టిన ఆవు గడ్డి తినుట మానివేయునని పలువురి నమ్మకము. మితిమీఱి దాణా పెట్టిన అట్లు జరుగవచ్చును. కాని ఎండుగడ్డి మీద బ్రతుకు ఆవునకు అరకిలో, కిలో చెక్క పెట్టినచో అది గడ్డిని మునుపటికన్న ఎక్కువగా తినును. సూక్ష్మజీవులకు ఎరువు దొరకినది, గడ్డి త్వరగా పులిసినది, పొట్ట ఖాళీయైనది. అనగా ఆ చెక్కవలన కలుగు లాభము చెక్కలోనున్న సారము మాత్రమే కాదు, వామిలోని గడ్డిసారము కూడ దానితో చేతికి వచ్చుచున్నది.

చెక్క కొనజాలని వారి మాట యేమి? వారికి భూదేవియే దారి చూపినది. కాయజాతి మొక్కల వేళ్ళ బుడిపెలలో గాలియందలి నత్రజనిని పట్టియిచ్చు సూక్ష్మజీవులున్నవి. కావున ఆ మొక్కల ఆకు మాంసకృత్తులకు నిలయము. కృష్ణా గోదావరీ డెల్టాలలో వరి కోతకు ముందు పిల్లిపెసరయు జనుమును చల్లు ఆచారము పెద్దలు పెట్టినదే. పదునులో మొలచి, పశువులకు మేతయై, నేలకు సత్తువయై నిలుచును. అలసంద, లూసర్ను కూడ అట్టివే. దశరథగడ్డి యని పిలువబడు మొక్కను ఒకమాఱు నాటి నీరు పెట్టిన కొన్నేండ్ల వఱకు కోసికొనవచ్చును. పచ్చిదశరథగడ్డి కిలోకు 45 గ్రాముల చొప్పున లెక్కించినను, 9 కిలోలు కోసివేసిన పై లోటు తీరును. ఆవు ఒక్కటి గల యిల్లాలు పెరటిలో రెండు అవిశచెట్లు పెంచినను కొంత మేలే. వేరుశనగ కట్టె, పెసర, మినుము, కంది పొట్టులు పాఱవేయక వరిగడ్డితో కలిపి వేయవలెను. సుబాబులు ఆకు మంచిదే కాని, అందు మిమోసీనను విషపదార్థము గలదు. మేతలో మూడవవంతుకు మించనీయరాదు. మించిన వెండ్రుకలు రాలును. ఇటీవల పలువురు నేపియరు గడ్డి పెంచుచు ఇక దాణా యక్కఱలేదని తలచుచున్నారు. అది విరివిగా పండును, సందేహము లేదు. కాని మంచి వయసున కోసినను దానిలో 8 మొదలు 10 పాళ్ళే యుండును. ముదిరిన అంతయు నుండవు. దాని ప్రక్క కాయజాతి మేత తప్పదు.

ఇక ఋతువును బట్టి నడచుకొనవలసిన తీరు చెప్పెదను. ఇందే మనము చేయు పెద్ద పొరపాటున్నది. శ్రావణభాద్రపదములలో పాలు పొంగుచున్నవని సంతసించి చెక్క యెక్కువ పెట్టుదుము. వేసవిలో పాలు లేవని చెక్క మానివేయుదుము. చేయవలసినది దీనికి తలక్రిందులు. వానకాలపు లేతగడ్డి 8 కిలోలు, 11 పాళ్ళ చొప్పున, 880 గ్రాముల మాంసకృత్తుల నిచ్చును. పై లెక్క ప్రకారము 6 లీటర్ల పాలకు అది చాలును. ఆ కాలమున పెట్టిన చెక్కలో అధికమగు నత్రజని అమ్మోనియాగా మాఱి, కాలేయములో యూరియాయై, మూత్రముతో బయటికి పోవును. ఆ సొమ్ము పెంటకుప్పలో పోసినట్లే. అప్పుడు కావలసినది శక్తి. తవుడో, నూకలో, జొన్నపిండియో కొంచెము పెట్టిన చాలును. అట్లు మిగిల్చిన చెక్కను మాఘమునుండి వాడవలెను. పది లీటర్లకు మించి పాలిచ్చు సంకరజాతి ఆవుల సంగతి వేఱు. వానికి సూక్ష్మజీవులు పండించునది చాలదు గనుక, పెద్దపొట్టలో త్వరగా కరగక క్రిందికి దిగెడి పత్తిచెక్క వంటిది కూడ కలపవలెను.

జాగ్రత్తలు కొన్ని చెప్పక తీరదు. మొదటిది బూజు. 1960లో ఇంగ్లాండున లక్షకు దాపుగ టర్కీకోళ్ళు హఠాత్తుగా చచ్చినవి. విచారింపగా, వానికి పెట్టిన వేరుశనగచెక్కకు బూజుపట్టి అఫ్లటాక్సినను విషము పుట్టినదని తేలినది. ఈ విషము ఆవు తిన్నచో కొంత పాలలోనికి దిగును. పాలు కాచినను పోదు. ఆ పాలు త్రాగువారు మన మనుమలు, మనుమరాండ్రే. కారుచౌకగా వచ్చినదని తడిసిన చెక్క ఒకమాఱు నేనును కొంటిని. విఱిచి చూడగా లోపల పచ్చని బూజున్నది. సొమ్ము పోయినదని చింతింపక గోతిలో పూడ్పించితిని. చెక్కను నేలమీదగాక బల్లలమీద, గోడకు దూరముగ, గాలియాడుచోట నుంచవలెను. రెండవది, ఆముదపుచెక్క విషము. అది పొలమునకే గాని పశువునకు కూడదు. మూడవది, కొత్త దాణాను ఒక్కమాఱుగా పెట్టక, వారము పది దినములలో కొంచెము కొంచెముగ పెంచవలెను. ఉప్పును లవణమిశ్రమమును మఱవరాదు.

యూరియా మాట పలుమాఱు అడుగుదురు. దానిని చేతితో మేతపై చల్లుటయు, కుడితిలో కలుపుటయు ప్రాణాపాయము. ఒక్కమాఱుగా లోనికి పోయిన యూరియా అమ్మోనియాయై నెత్తురులో కలియును. పశువు వణకి, పొట్ట ఉబ్బి, గంటలలో చచ్చును. మా ప్రక్కయూరిలో ఎరువు కడిగిన తొట్టినీరు త్రాగి ఒక చూడియావు సాయంకాలములోపల పోవుట నేను చూచితిని. ఆ యింటి యిల్లాలి దుఃఖము ఇప్పటికిని నా చెవులలో నున్నది. క్షేమమైన పద్ధతి యొకటి గలదు. 100 కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 మొదలు 60 లీటర్ల నీటిలో బాగుగ కరగించి, గడ్డిని పొరలుపొరలుగా పఱచుచు ప్రతి పొరమీద సమముగ చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ పట్టాతో కప్పి 21 దినములుంచవలెను. పిమ్మట కావలసినంత తీసి, ఘాటు పోవువఱకు ఆఱబెట్టి వేయవలెను. అప్పుడా గడ్డి మెత్తబడును. దాని మాంసకృత్తులు 7, 8 పాళ్ళకు చేరును. అనగా మన గీత దాటినదన్నమాట. ఆనందులోని జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థవారు 1980వ దశాబ్దమున ప్రచారము చేసిన బెల్లపుమడ్డి యూరియా ఇటుకలును ఈ సూత్రము మీద చేసినవే. పశువు వానిని నాకుచు కొంచెము కొంచెముగనే తీసికొనును. ఆఱునెలలలోపు దూడలకు మాత్రము వీనిలో నేదియు కూడదు. వాని పెద్దపొట్ట యింకను పనికి సిద్ధపడలేదు. మొదటిమాఱు చేయువారు పశువైద్యుని యెదుటనే చేయుట మంచిది.

పెద్దలారా! ఇది యొక్కొక్క యింటి పని మాత్రమే కాదు, ఊరి పని. ఊరి బీడు ఎవరికిని చెందనిదని వదలివేసిన, అందు మంచిగడ్డి నశించి, పశువు ముట్టని ముండ్లపొదలు బలియును. బీటిని రెండు మూడు భాగములు చేసి ఒకదాని తరువాత నొకటి మేపవలెను. కోతలకు ముందు పిల్లిపెసర విత్తనము తెప్పించి పంచుటయు, మంచి చెక్క అందఱికి కలిపి కొనుటయు పంచాయతీ పెద్దలు పూనుకొన్నచో కష్టము గాదు. గోగ్రాసమని ముద్ద తీసి పెట్టిన పిదపనే భుజించు ఆచారము మనది. ఆ ముద్దలో ఆవునకు కావలసిన దున్నదా యని విచారించుట కూడ ఆ ధర్మములోనిదే.

నా యావు కథ ముగించి సెలవు తీసికొందును. వైద్యుని మాట ప్రకారము మొదట అరకిలో, వారమునకు కిలో వేరుశనగచెక్క నానబెట్టి, తవుడుతో కలిపి పెట్టితిని. అయిదవనాటికి గాడిలో గడ్డి మిగులుట మానినది. పేడ మెత్తబడినది. పదునైదు దినములకు పాలు 3 లీటర్ల నుండి నాలుగున్నరకు చేరినవి. ఈనిన తొలినాటి 6 లీటర్లు మఱల రాలేదు. కరిగిన కండ తిరిగి పట్టుటకు ఆ వేసవి యంతయు పట్టినది. ఆలస్యముగ మేల్కొన్న యజమానికి అంతకన్న నెక్కువ ఆశించు హక్కు లేదు. జ్యేష్ఠములో అది ఎదకు వచ్చినది. మఱుసటి ఫాల్గుణమున పెయ్యదూడను ఈనినది. ఆ పెయ్య మెడకును ఇంటివారు నల్లత్రాడు కట్టిరి. నేను వలదనలేదు, ప్రక్కనే చెక్క నానబెట్టిన కుండ యున్నదా యని మాత్రము చూచుకొంటిని.